మగ్గం గదిలో ఫైవ్ స్టార్

ఏసీ కొనడానికి వచ్చిన మనిషి ముఖంలో పెళ్ళిచూపులకు వచ్చినవాడి కళ ఉంటుంది. కూర్చోమంటే కూర్చోడు. టీ తెప్పిస్తే తాగడం మరచిపోతాడు. ధర అడగడానికి సిగ్గు, అడక్కుండా ఉండటానికి భయం. మిషన్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, దాని తెల్లటి బుగ్గ మీద వేలితో ఒకసారి తట్టి, చివరికి గొంతు సవరించుకుని అందరూ అడిగే మాటే అడుగుతాడు: "ఎన్ని స్టార్లదప్పా ఇది?"

ఆదోనిలో ఈ మాట వింటూ వింటూనే జుట్టు నెరిసింది నాకు. నా పేరు ఖాజా మొహిద్దీన్. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, కోడుమూరు వైపు ఏ మిద్దె మీద ఏసీ అవుట్‌డోర్ మిషన్ కనబడినా, దాని పక్కన నేను ఎప్పుడో ఒకసారి చెమటోడ్చే ఉంటాను. జనం నన్ను ఏసీ ఖాజా అంటారు. మా ఇంట్లో మాత్రం ఏసీ లేదు, మా ఆవిడకు చల్లగాలి పడదు. ఊరంతా చల్లబరిచి ఇంటికొచ్చి విసనకర్రతో విసురుకునే మొగుడని ఆమె చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంది. నేనూ కలిసి నవ్వుతాను, నవ్వక ఏం చేస్తాను!

ఇప్పుడు మోకాళ్ళు నిచ్చెనతో తెగతెంపులు చేసుకున్నాయి కాబట్టి పని మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇంటికొచ్చి అడుగుతుంటారు, అందుకని రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. మా పనిలో ప్రమోషన్ అంటే కింద నిచ్చెన పట్టుకునేవాడు ఒకరోజు నిచ్చెన ఎక్కడం, అంతే.

స్టార్ల గురించి నాకు తెలిసిందంతా ఒక ఎత్తు, ఎమ్మిగనూరులో శంకరమ్మ ఇంట్లో తెలిసింది ఒక ఎత్తు. శంకరమ్మ మగ్గం నేసే మనిషి. కూతురి తొలి కాన్పు తన ఇంట్లో, తన చేతుల మీద జరగాలని ఆమె పట్టు. అల్లుడేమో, గది చల్లగా లేకపోతే భార్యను బళ్ళారికి తీసుకెళ్ళిపోతానన్నాడు. అంటే ఆ బిడ్డ ఎక్కడ పుట్టాలన్నది ఒక ఏసీ తేల్చాలి! ఆ కథలోకి పోయే ముందు కొంచెం పాఠం చెప్పనివ్వండి. లేకపోతే నవ్వవలసిన చోట మీరు నన్ను చూసి నవ్వుతారు.

హమాలి లెక్క

నాకు పని నేర్పింది మౌలాలి ఉస్తాద్. ఏసీల మీద స్టార్ల లేబుళ్ళు కొత్తగా వచ్చిన రోజుల్లో నేను దాని ముందు నిలబడి, అరవం బోర్డు చూసినవాడిలా తల గోక్కుంటున్నాను. ఉస్తాద్ నన్ను చెవి పట్టుకుని తీసుకెళ్ళాడు. షోరూం గోదాములోకి కాదు, పత్తి యార్డుకు.

అక్కడ ఇద్దరు హమాలీలు లారీకి బస్తాలు మోస్తున్నారు.

"వాళ్ళిద్దరూ పొద్దున తినేది ఒక్కో జొన్న రొట్టేరా," అన్నాడు ఉస్తాద్. "ఆ రొట్టె బలం మీద ఒకడు మూడు బస్తాలు మోస్తాడు. ఇంకొకడు అయిదు మోస్తాడు. నువ్వయితే ఎవర్ని పెట్టుకుంటావు?"

"అయిదు మోసేటోన్ని."

"అదేరా పిచ్చోడా స్టార్ అంటే! రొట్టె కరెంటు. బస్తా నీ గదిలో ఉండే వేడి. ఏసీ సలవను తయారు సేసేది గాదు, ఇంట్లో ఉండే వేడిని బయటికి మోసేది."

ఆ తర్వాత చదివిన ఏ పుస్తకమూ నాకు ఇంత సులువుగా చెప్పలేదు. లేబుల్ మీద స్టార్ల దగ్గరే ఐఎస్ఈఈఆర్ అని ఒక అంకె ఉంటుంది. ఏడాది మొత్తం మీద ఒక వంతు కరెంటు తిని ఎన్ని వంతుల వేడిని బయటికి మోస్తుందో చెప్పే లెక్క అది. అంకె ఎంత పెద్దదయితే హమాలి అంత గట్టివాడు. స్టార్లు లెక్కపెట్టి ఆగిపోకండి, ఆ అంకె చూడండి. ఒకే ఫైవ్ స్టార్ అని చెప్పుకునే రెండు మిషన్లలో ఒకటి బొటాబొటిగా గట్టెక్కినదీ, ఇంకొకటి దర్జాగా దాటినదీ ఉంటాయి. పదో తరగతిలో మా క్లాసు పిల్లలందరూ పాసే, కానీ అందరూ ఒక్కటేనా?

లేబుల్ ఎప్పటిదో కూడా చూడండి. కొన్నేళ్ళకొకసారి ఈ స్టార్ల కొలత బిగిస్తారు. నిన్నటి ఫైవ్ స్టార్ రేపు ఫోర్ స్టారో, త్రీ స్టారో అవుతుంది. మిషన్ పాడవదు, పరీక్ష కష్టమవుతుందంతే. మా షోరూం యజమాని సేఠ్ ఈ సంగతి తెలిసి కూడా పాత స్టాకును షోరూం ముందు వరుసలో పెట్టించేవాడు. లేబుల్ మీద ఏడాది కనిపించే మూలకు సరిగ్గా ఒక ప్లాస్టిక్ పూల గుత్తి ఆనించేవాడు. నేను ఆ గుత్తిని జరిపేవాణ్ణి, ఆయన మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టేవాడు. ఇద్దరం ఆ పూల గురించి ఒక్క మాట కూడా మాట్లాడుకోకుండా ఎండాకాలాలు గడిపేశాం.

లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు కాలుతుందని కూడా రాసి ఉంటుంది. అది పదహారు వందల గంటలు నడిస్తే అయ్యే లెక్క. చుట్టాలొస్తే తప్ప రిమోట్ ముట్టుకోని ఇంట్లో అందులో సగం కూడా కాదు. మెడికల్ షాపులో రోజంతా నడిస్తే ఆ గంటలు ఎప్పుడో దాటిపోతాయి. రోజంతా నడిచేచోట ఫైవ్ స్టార్‌కు పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. నెలా రెండు నెలలు, అదీ మధ్యాహ్నం పూట నడిచేచోట త్రీ స్టార్ చాలా ఇళ్ళకు సరిపోతుంది. ఈ మాట చెబితే సేఠ్ నాకు టీ మాన్పించేవాడు. మీరు మాత్రం చెప్పండి, టీ బయట కూడా దొరుకుతుంది.

మిద్దె మీద పరుపు

ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు ఉన్న పెద్దమనిషి ఒకాయన ఒకరోజు షోరూంలోకి వచ్చి వీధి వినబడేలా అరిచాడు.

"ఫైవ్ స్టార్ అని అంటగట్టినారు గదప్పా! గాలి వడగాలి మాదిరి వస్తాంది. ఇవి స్టార్లా, బొట్టు బిళ్ళలా?"

నేను వాళ్ళ మిద్దె ఎక్కాను. అవుట్‌డోర్ మిషన్ కనిపించలేదు. మిషన్ ఉండవలసిన చోట చక్కటి తెల్లటి పరుపు నిలబడి ఉంది. మిల్లు నుంచి లేచిన దూది ఆ మిషన్ వీపు మీద పొర మీద పొర అతుక్కుని దుప్పటి కప్పేసింది పాపం. లోపలి వేడిని మోసుకొచ్చిన హమాలీని గుమ్మం దగ్గర నిలబెట్టి, ముక్కూ నోరూ మూసి, బస్తా దించొద్దంటే వాడేం చేస్తాడు?

ఆ దూది అంతా గీకి గోనెసంచిలో కుక్కి కిందికి తెచ్చాను.

"అయ్యా, ఈసారి మీ మిల్లుకు మిద్దె మీద కూడా దిగుబడి వచ్చింది," అన్నాను.

ఆయన సంచీలోకి తొంగిచూసి, ముందు ఉరిమి, తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. వాళ్ళావిడ ఆ దూది దులిపి నిజంగానే దిండు కుట్టించింది. తర్వాత ఎప్పుడు సర్వీసుకు వెళ్ళినా నన్ను ఆ దిండు ఆనుకుని కూర్చోమనేవాళ్ళు. అంత గౌరవం ఏ ఆఫీసరుకు దక్కింది చెప్పండి!

కాబట్టి పిల్లలూ, లేబుల్ మీద ఉన్న స్టార్లు పరీక్ష గదిలో వచ్చిన మార్కులు. మన ఊరి దూదీ, దుమ్మూ, బండల మిద్దె మీద కాసే ఎండా ఆ గదిలో ఉండవు. ఇల్లు చూడకుండా స్టార్ చెప్పేవాడిది అమ్మకం మాత్రమే, పని కాదు.

శంకరమ్మ పిలుపు

మిద్దెలెక్కి దిగే నాకు తువాలే ఆస్తి. ఆ తువాళ్ళు ఎప్పుడూ ఎమ్మిగనూరులో శంకరమ్మ దగ్గరే కొనేవాణ్ణి. చెమటను నీళ్ళలా తాగేవి. ఒక ఎండాకాలం ఆమె ఫోన్ చేసింది. మగ్గం చప్పుడు ఎప్పుడూ వెనక వినిపించేది, ఆ రోజు లేదు. అప్పుడే నాకు ఏదో తేడా కొట్టింది.

"ఖాజన్నా, ఒకసారి రాప్పా. మా ఇంట్లో ఏసీ పెట్టినాక ఇల్లు కాలిపోతాంది."

"ఏసీ పెడితే కాలిపోవడమేందమ్మా?"

"నువ్వొచ్చి సూడు. ఆదివారంలోపల ఇది సల్లబడాల. లేకపోతే నా బిడ్డను పిలుచుకొని పోతాడంట."

బస్సు దిగి వెళ్ళేసరికి సంగతి తెలిసింది. కూతురు భాగ్య తొలి కాన్పుకు వచ్చింది. అల్లుడు మంజునాథ బళ్ళారిలో ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు చూస్తాడు. మనిషి మంచివాడు, కాకపోతే భయస్తుడు. భార్యకు ఎండ తగులుతుందని దిగులుపడి, ఫోన్‌లో ఏసీల వీడియోలన్నీ చూసి, ఐఎస్ఈఈఆర్ అంకెలు చుక్క తర్వాత రెండో అంకెదాకా బట్టీపట్టాడు. బజారులో ఉన్న వాటన్నిటిలోకీ అంకె పెద్దదాన్ని, అదీ రెండు టన్నులది, సొంత డబ్బుతో కొని అత్తగారింటికి పంపించాడు. బళ్ళారి నుంచి బిగించేవాళ్ళు కూడా వచ్చి బిగించి వెళ్ళారు. అల్లుడు అత్తింటి నుంచి పట్టుకెళ్ళడం చూశాంగానీ, అత్తింటికి రెండు టన్నులు మోసుకొచ్చిన అల్లుణ్ణి నేను అక్కడే చూశాను.

ఇంట్లో ఉన్నవి రెండే గదులు. వీధి వైపు చిన్నగది. లోపల పెద్దగది, దాంట్లోనే గుంత మగ్గం. మగ్గం మీదికి వెలుతురు రావడానికి మిద్దె నడుమ గవాచి ఉంటుంది, అంటే పైకప్పులో వదిలిన కన్నం. మగ్గం పక్కనే భాగ్య మంచం. కూతుర్ని చూసుకుంటూ నేసుకోవచ్చని శంకరమ్మ ఏసీని ఈ పెద్దగదిలోనే పెట్టించింది.

నేను లోపలికి అడుగు పెట్టగానే కళ్ళద్దాలకు ఆవిరి పట్టింది. ఏసీ గదిలో కళ్ళద్దాలకు ఆవిరి! నా సర్వీసులో అది మొదటిసారి.

"రెండు టన్నులంట, ఫైవ్ స్టారంట," అంది భాగ్య మంచం మీద నుంచే, తడిగుడ్డతో మెడ తుడుచుకుంటూ. "ఆయప్ప రోజూ పొద్దున్నే ఫోన్ సేసి నన్ను అడగడన్నా, ఏసీ ఎట్లుంది అని అడుగుతాడు."

శంకరమ్మ ముఖం మాత్రం నవ్వలేదు. "అల్లుడు ఇంత పెట్టి కొనిచ్చినాడు. సల్లగా లేదంటే ఆయప్పకు బాధ. ఉందంటే అబద్ధం. మీటరేమో బొంగరం మాదిరి తిరుగుతాంది. ఆదివారం వస్తాడంట. నేనేం సెప్పాల?"

తొలి కాన్పుకు వచ్చిన బిడ్డ నడిమధ్యలో వెళ్ళిపోవడం ఏ తల్లికైనా చిన్న సంగతి కాదు.

బకెట్టు

ఫిల్టరు తీసి చూశాను, అద్దంలా ఉంది. గ్యాసు సరిగ్గా ఉంది. కంప్రెసర్ ప్రాణం పెట్టి పనిచేస్తోంది. అవుట్‌డోర్ మీద దూది పోగు కూడా లేదు. మిషన్‌లో తప్పు లేదు, గది మాత్రం చల్లబడదు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉందంటే ఇదే కదా అనుకుని తల పట్టుకున్నాను.

గాలి కోసం పెరట్లోకి వచ్చాను. అక్కడ ఏసీ నీళ్ళు దిగే పైపు కింద బకెట్టు పెట్టి ఉంది. పైపు నుంచి ధార కడుతోంది, మునిసిపాలిటీ కొళాయి కూడా అట్లా రాదు. నేను నిలబడిపోయాను. ఎమ్మిగనూరులో నడి ఎండాకాలం. ఉతికిన పంచె ఆరేసి వెనక్కి తిరిగేలోపల ఫెళఫెళలాడే గాలి. ఏసీ గాలిలోని తడిని పిండి నీళ్ళు చేస్తుంది, నిజమే. కానీ మన ఎండాకాలపు గాలిలో ఇంత తడి ఎక్కడిది?

అంతలో శంకరమ్మ వచ్చింది. నిండిన బకెట్టు ఎత్తుకుని ఖాళీది పెట్టి లోపలికి వెళ్ళింది. నేను పిల్లిలా వెనకాలే వెళ్ళాను. మగ్గం గుంత చుట్టూ పరిచిన ఇసుకలో ఆ నీళ్ళు పోసేసింది. పక్కన తాడు మీద వరుసగా తడి గోనెపట్టాలు వేలాడుతున్నాయి. వాటి మీద కూడా రెండు చెంబులు చల్లింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఏం సేసేదన్నా! ఇది పెట్టినప్పట్నుంచి పోగులు టపటపా తెగుతాండాయి. గాల్లో తడి ల్యాకపోతే నూలు నిలుస్తాదా? రోజూ సల్లే నీళ్ళు సాలక, రెండింతలు పోస్తాండాను. ఈ మిషన్ పుణ్యమా అని నీళ్ళకు మాత్రం కరువు ల్యా, ఎన్ని పోసినా బయట పైపులో అన్నీ ఇస్తాంది."

నాకు నవ్వు కాలి బొటనవేలి దగ్గర మొదలైంది. ఆపుకుందామనుకున్నాను, కుదర్లేదు. మగ్గం గట్టు మీద కూలబడి నవ్వాను. భాగ్య నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టింది, కడుపు పట్టుకుని, "అన్నా నవ్వించొద్దన్నా, ఈడనే కంటాను" అని బతిమాలుతూ. శంకరమ్మ మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని ఇద్దరినీ మార్చిమార్చి చూసింది.

"నువ్వు ఇసుకలో పోస్తావు," అన్నాను ఊపిరి తీసుకుని. "నీళ్ళు గాలిలో కలుస్తాయి. ఏసీ వాటిని పిండి పెరట్లో పోస్తుంది. నువ్వు ఎత్తుకొచ్చి మళ్ళీ ఇసుకలో పోస్తావు. అవే నీళ్ళు తల్లీ! నువ్వూ, ఫైవ్ స్టారూ కలిసి పొద్దున్నుంచి ఒకే బకెట్టు నీళ్ళను ఇంటి చుట్టూ తిప్పుతున్నారు."

వేడి మోయడానికి పిలిచిన హమాలీ చేత నీళ్ళు మోయిస్తోంది ఆమె. తడిని పిండటానికీ బలం కావాలి. బలమంతా అక్కడే అయిపోతే గదిని చల్లబరచడానికి ఏం మిగులుతుంది? పైగా గవాచికి అద్దం పెట్టించారు గానీ, ఇంటికి ఊపిరాడదని శంకరమ్మ దాన్ని జానెడు తెరిచే ఉంచింది. ఆ సందులోంచి ఆకాశంలో ఉన్న ఎండంతా దిగుతోంది. ఎంత పెద్ద అంకె ఉన్న మిషనైనా ఎమ్మిగనూరు ఆకాశాన్ని చల్లబరచగలదా!

శంకరమ్మ బకెట్టు వైపు చూసింది. ఏసీ వైపు చూసింది. పెదవి బిగబట్టింది. తర్వాత ఆమె నవ్విన నవ్వుకు పక్కింటివాళ్ళు వచ్చారు.

స్టేటస్ సమస్య

మగ్గానికి తడి కావాలి, భాగ్యకు చలువ కావాలి. రెండూ ఒక గదిలో ఇమడవు. మగ్గాన్ని గుంతలోంచి పెకలించలేం కాబట్టి కదలవలసింది ఏసీయే. వీధి వైపు చిన్నగదిలో మంచం వేసి, తలుపు మూసుకుంటే ఒక టన్ను మిషన్ చాలు. రెండు టన్నులది ఆ అగ్గిపెట్టెలో పెడితే ఊరికే ఆగుతూ తిరుగుతూ ఉంటుంది, ఒకసారి వణుకు, ఒకసారి ఉక్క. మా అంగట్లో ఆ సమయానికి ఉన్న ఒక టన్ను మిషన్ త్రీ స్టార్ ఇన్వర్టర్. చిన్న ఫైవ్ స్టార్లు ఎండలు ముదరకముందే అమ్ముడైపోయాయి.

ఈ మాట ఫోన్‌లో మంజునాథకు చెప్పాను.

"ఫైవ్ నుంచి త్రీకా ఖాజా సాబ్?" అన్నాడు, ఎవరో పోయిన కబురు విన్నట్టు.

"రోజుకు నాలుగైదు గంటలు, అదీ కాన్పు అయి బిడ్డ గట్టిపడేదాకా. అంతకు త్రీ స్టార్ చాలు సార్. ఆ పెద్దది మీ బళ్ళారి ఇంట్లో హాలుకు పెట్టుకోండి, పెద్దగదికి బాగుంటుంది."

"అది సరే. కానీ నేను ఆ ఫైవ్ స్టార్ లేబుల్ ఫోటో స్టేటస్ పెట్టేసినా. ఆఫీసులో అందరూ శభాష్ అన్నారు. ఇప్పుడు ఏమని సెప్పాల?"

నేను ఫోన్ చేత్తో మూసి భాగ్యకు ఆ మాట అందించాను. ఆమె అక్కడినుంచే గట్టిగా అరిచింది. "స్టేటస్ లో పిల్ల ఫోటో పెడుదువులే, ఇంకొక నెల ఓపిక పట్టు!"

ఫోన్‌లో నవ్వు వినిపించింది. "హౌదా, అట్లనా? సరే సరే. కానీ ఆదివారం నేనే వచ్చి థర్మామీటర్ పెట్టి సూస్తా. సల్లగా లేకపోతే మాత్రం పిలుచుకొని పోతా, అందులో మార్పు లేదు."

మర్నాడే పని మొదలుపెట్టాం. పెద్ద మిషన్ విప్పి, చిన్నగదిలో ఒక టన్నుది బిగించాను. ఆ గది బండల మిద్దెకు పైన రెండు పూతలు సున్నం కొట్టించాను. పిల్లలూ, రాసుకోండి: తెల్లటి సున్నం మన ప్రాంతంలో అతి చవకైన ఏసీ, దానికి లేబుల్ లేదు కాబట్టి ఎవరూ కొనరు. తలుపు కింద సందుకు శంకరమ్మ ముతక నూలుతో లావుపాటి పట్టీ ఒకటి నేసి ఇచ్చింది. రిమోట్ ఇరవై నాలుగు మీద పెట్టి, దాన్ని పదహారుకు దించితే గది తొందరగా చల్లబడదనీ, మిషన్ ఆగకుండా కరెంటు తింటుందనీ ముగ్గురు ఇరుగుపొరుగువాళ్ళకు కూడా కలిపి చెప్పాను. లోపలి గదిలో ఎప్పట్లాగే తడి ఇసుక, తెరిచిన గవాచి. పోగులు తెగడం ఆగింది. మగ్గం మళ్ళీ టకటకమంది.

ఆదివారం మధ్యాహ్నం మంజునాథ వచ్చాడు. వస్తూనే సంచిలోంచి థర్మామీటర్ తీశాడు. శంకరమ్మ కొళాయి దగ్గర చేతులు కడిగిందే కడుగుతోంది, లోపలికి రావడంలేదు. నాకు కూడా, ఇన్నేళ్ళ సర్వీసు ఉన్నవాడికి, పరీక్ష ఫలితాలప్పటి దడ పట్టుకుంది.

మంజునాథ తలుపు తీశాడు. చల్లటి గాలి మా కాళ్ళకు తగిలింది. మంచం మీద భాగ్య పక్కకు ఒత్తిగిలి, చెంప కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోతోంది. చాలా రోజుల తర్వాత పట్టిన నిద్ర అది, ముఖం చూస్తేనే తెలుస్తోంది. గోడ అవతలే మగ్గం గది కదా, మగ్గం ఆగి ఉన్నా నీళ్ళూ నూలూ కలిసిన వాసన మాత్రం వస్తోంది. మంజునాథ ఆమెను చూస్తూ కాసేపు అట్లాగే నిలబడ్డాడు. తర్వాత తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు. థర్మామీటర్ చూడనే లేదు, అంకెల మనిషి, దాన్ని మళ్ళీ సంచిలో వేసుకున్నాడు.

"అత్తా," అన్నాడు కొళాయి వైపు తిరిగి. "భాగ్య ఈడనే ఉండనీ. నేను వారం వారం వస్తా."

శంకరమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. నాకు మాత్రం ఆ రోజు భోజనంలో పాయసం రెండుసార్లు పడింది.

సర్వీసుకు వెళ్ళిన రోజు

కాన్పయిందని, ఆడపిల్ల అని ఫోన్ వచ్చింది. ఫిల్టరు కడిగే వంక పెట్టుకుని నేనూ వెళ్ళాను. బిడ్డకు ఆదోని నుంచి చిన్న గౌను, తల్లికి ఖర్జూరాలు పట్టుకెళ్ళాను.

వీధి తలుపు దగ్గరికి వేసి ఉంది. చిన్నగది తలుపు నెమ్మదిగా తోశాను. ఏసీ హాయిగా నడుస్తోంది. మంచం మీద దుప్పటి కింద ఒక ఆకారం. తల్లీ బిడ్డా అనుకుని మురిసిపోతూ తొంగిచూశాను. దుప్పటి అంచున మీసం కనబడింది. వారం వారం వస్తానన్న మంజునాథ, నోరు తెరిచి, గురకపెడుతూ, లోకాన్ని మరచిపోయి నిద్రపోతున్నాడు.

లోపలి గదిలోంచి మగ్గం చప్పుడు వస్తోంది. వెళ్ళి చూశాను. గవాచి నుంచి దిగిన వెలుతురులో శంకరమ్మ నేస్తోంది. మగ్గం పక్కనే దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో బిడ్డ. తడి ఇసుక మీద చాప వేసుకుని, ఉయ్యాల తాడు వేలికి చుట్టుకుని భాగ్య నిద్రపోతోంది. గదిలో ఉక్కగానే ఉంది. ఇద్దరి ముఖాల మీదా చెమట చుక్కలు మెరుస్తున్నాయి.

నేను నోరు తెరవబోయాను. శంకరమ్మ చెయ్యి ఆపకుండానే కళ్ళతో వద్దంది. తర్వాత మగ్గం చప్పుడు కిందనే, పెదవులు కదిలీ కదలనట్టు చెప్పింది.

"ఏసీ గదిలో పడుకోబెడితే ఊరంతా లేపుతాదన్నా. ఈడయితేనే నిద్ర. అదీ మగ్గంలో నాడె అటూ ఇటూ ఆడతా ఉండాల. ఆపితే లేస్తాది."

"మరి నువ్వు అన్నం తిన్నావా?"

"యాడ తినేది? పొద్దున్నుంచి నేస్తానే ఉండాను." చేతులు నొప్పి పుట్టి ఉంటాయి, కానీ ఆ ముఖంలో అలసట లేదు. నా జన్మలో అంత సంతోషంగా ఉన్న మనిషిని చూడలేదు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆవిరి మీదికి నెట్టేద్దామని కళ్ళద్దాలు తీసి ఆమె నేసిన తువాలుతోనే తుడుచుకున్నాను.

"మరి ఏసీ ఎట్లా పనిచేస్తోందమ్మా?" అన్నాను గొంతు తగ్గించి.

శంకరమ్మ చిన్నగది వైపు చూసింది. గురక మగ్గంతో పోటీ పడుతోంది.

"బ్రమ్మాండంగా పనిచేస్తాందన్నా," అంది. "అల్లునికి."

ఆమె భుజాలు నవ్వుతో ఊగాయి, చేతులు మాత్రం ఆగలేదు. నేను చిన్నగదిలోకి వెళ్ళి ఫిల్టరు తీసి కడిగి బిగించాను. మంజునాథ కదల్లేదు. రిమోట్ పద్దెనిమిది చూపిస్తోంది, మళ్ళీ ఇరవై నాలుగుకు పెట్టాను. గౌనూ, ఖర్జూరాలూ మంచం పక్కన ఉంచి, తలుపు కింద పట్టీ సర్ది, చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి నడిచాను. వీధి చివరి దాకా మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంది.